తెర నిండా డబ్బాలు: స్టేషన్ ఘన్‌పూర్ పేరు చెప్పిన కంప్యూటర్ చరిత్ర

ఇవాళ్టి ముచ్చట స్టేషన్ ఘన్‌పూర్‌లో మొదలవుతుంది. సికింద్రాబాద్ నుంచి కాజీపేట పోయే రైల్లో జనగామ దాటినంక వచ్చే ఊరు. అప్పుడు వరంగల్ జిల్లా, 2016 అక్టోబరు నుంచి జనగామ జిల్లా. ములుగు వైపు ఇంకో ఘన్‌పూర్ ఉంది కాబట్టి దీన్ని స్టేషన్‌తో కలిపి పిలుస్తారు. ఈ పేరును గుర్తు పెట్టుకోండి, కథంతా దీని చుట్టే తిరుగుతుంది.

2006లో మా మేనత్త కొడుకు అక్కడ చిన్న నెట్ సెంటర్ పెట్టాడు. అప్పు చేసి కొత్త డెస్క్‌టాప్ కొన్నాడు. వారం తిరక్కుండానే నాకు ఫోన్. "అరే, కొత్త కంప్యూటర్ తెర ఖరాబైందిరా. ఏ తెలుగు పేజీ తెరిచినా అన్నీ డబ్బాలే వస్తున్నయ్." అప్పటికే ఆయన ఆ బరువైన మానిటర్‌ను ప్యాసింజర్ రైల్లో వరంగల్ తీసుకుపోయి మార్చుకొచ్చాడు. మార్చినా అవే డబ్బాలు. కేబుల్ మార్చాడు, అవే డబ్బాలు. షాపాయన చివరికి "తెలుగు పేజీలు తెరవకండి, సిస్టమ్ పాడైతది" అన్నాడట.

నేను అడిగాను: "బావా, ఇంగ్లీషు మంచిగనే కనబడుతుందా?"

"ఇంగ్లీషు మంచిగనే ఉంది."

"మరి తెర ఎట్ల ఖరాబైతదే? అద్దానికి భాషలు తెలుస్తయా?"

ఇక్కడ ఆగి ఒక పనికొచ్చే మాట చెప్పుకుందాం. కొత్త కంప్యూటర్ తెర మీద ఏదైనా తేడా కనబడితే ముందు స్క్రీన్‌షాట్ తీయండి. దాన్ని ఇంకో కంప్యూటర్‌లోనో ఫోన్‌లోనో తెరవండి. అందులో కూడా ఆ తేడా ఉంటే మానిటర్ తప్పు కాదు, కేబుల్ తప్పు కాదు, లోపల బొమ్మ తయారయ్యే చోటే తప్పు జరుగుతోంది. స్క్రీన్‌షాట్ శుభ్రంగా ఉండి తెర మీదే గీతలు, మినుకులు కనబడుతుంటే అప్పుడు కేబుల్, మానిటర్ చూడండి. అప్పుడు మా బావకు నేను ఈ మాట ముందే చెప్పి ఉంటే రైలు ఛార్జీలు, నడుము నొప్పి రెండూ తప్పేవి.

మరి ఆ డబ్బాలు ఎక్కడివి? దానికి కొంచెం వెనక్కి పోవాలి.

కంప్యూటర్‌లో అక్షరాల ఏర్పాటు మొదట ఇంగ్లీషును దృష్టిలో పెట్టుకుని జరిగింది. ఒక అక్షరానికి ఒక అంకె, ఒక అంకెకు ఒక బొమ్మ, వాటిని వరసగా పేర్చుకుంటూ పోవడమే. తెలుగు అలా కుదరదు. 'స్టే' చూడండి. లోపల దాచుకునేది స, పొల్లు, ట, ఏత్వం, ఈ వరసలో నాలుగు అంకెలు. తెర మీదకు వచ్చేసరికి ట వత్తుగా మారి కిందికి దిగాలి, చివర కొట్టిన ఏత్వం ఎగిరి స తల మీద కూర్చోవాలి. ఈ కూర్పు చేసే సాఫ్ట్‌వేర్ లేకపోతే తెలుగు ముక్కలు ముక్కలుగా కనబడుతుంది.

1980ల్లో ఐఐటీ కాన్పూర్‌లో భారతీయ లిపుల మీద జరిగిన పని నుంచి జిస్ట్ అనే సాంకేతికత వచ్చింది. తర్వాత అది పుణెలోని సీ-డాక్ చేతికి వెళ్లింది. కంప్యూటర్‌లో జిస్ట్ కార్డు బిగిస్తే మన అక్షరాలు తెర మీదకు వచ్చేవి. అంటే తెలుగు చదవాలంటే విడిగా ఒక సామాను కొనాలన్నమాట. 1991లో భారతీయ లిపుల కోడ్‌కు దేశంలో ప్రమాణం వచ్చింది. అదే ఏడాది యూనికోడ్ మొదటి కూర్పు వచ్చింది, అందులో తెలుగుకు 128 గళ్లు కేటాయించారు.

చోటు దొరికింది గానీ కాపురం పెట్టడానికి పదేళ్లు పట్టింది. ఈలోపు డీటీపీ వాళ్లు, పత్రికలు ఒక అడ్డదారి పట్టాయి. ఇంగ్లీషు అక్షరాల గళ్లలోనే తెలుగు బొమ్మలు పెట్టి ఫాంట్లు చేసుకున్నారు. ఆ ఫాంట్ ఉన్న కంప్యూటర్‌లో చక్కటి తెలుగు, లేని కంప్యూటర్‌లో అర్థం లేని ఇంగ్లీషు గజిబిజి. ఒక్కో పత్రికకు ఒక్కో ఫాంట్, ఒకరిది ఇంకొకరికి పనికిరాదు. ఆ గజిబిజిని యూనికోడ్‌లోకి మార్చి చూపించడానికి వెన్న నాగార్జున 'పద్మ' అనే ఫైర్‌ఫాక్స్ పొడిగింత రాశారు. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాను మొదలుపెట్టింది కూడా ఆయనే.

విండోస్ 2000లో హిందీకి, తమిళానికి చోటు ఉంది, తెలుగుకు లేదు. 2001లో ఎక్స్‌పీతో తెలుగు వచ్చింది, గౌతమి ఫాంట్ వచ్చింది. కానీ మామూలుగా ఎక్స్‌పీ వేస్తే ఆ భాగం కంప్యూటర్‌లోకి దిగేది కాదు. కంట్రోల్ ప్యానెల్‌లోకి పోయి, భాషల పేజీలో ఒక టిక్కు పెట్టి, విండోస్ సీడీ పెట్టాలి. షాపు వాళ్లు సీడీ ఇచ్చేవాళ్లా? చాలా చోట్ల ఇచ్చేవాళ్లు కాదు. మా బావ డబ్బాల రహస్యం అదే. తెలుగు అంకెలు కంప్యూటర్‌లోకి వస్తున్నాయి, వాటికి బొమ్మ దొరకట్లేదు. బొమ్మ లేని ప్రతి అక్షరానికి ఒక ఖాళీ డబ్బా.

సీడీ లేదు కాబట్టి ముందు పోతన ఫాంట్ దింపుకున్నాం. తిరుమల కృష్ణ దేశికాచార్యులు చేసిన 'పోతన 2000'. ఆ పోతనది బమ్మెర, ఘన్‌పూర్‌కు దగ్గరే, పాలకుర్తి మండలం. ఊరి కవి పేరున్న ఫాంట్ వేసినంక డబ్బాలు పోయి అక్షరాలు వచ్చాయి, కానీ వత్తులు కిందికి దిగలేదు. 'స్టేషన్' విడివిడిగా పడుంది. బొమ్మలు దొరికాయి, కూర్చేవాడు ఇంకా రాలేదన్నమాట. తెలిసినవాళ్ల దగ్గర సీడీ తెచ్చి ఆ టిక్కు పెట్టాం. మెషీన్ ఒకసారి ఆపి వేశాం. తెలుగు నిలబడింది. బావ ముఖం మీరు చూడాల్సింది.

అయిపోయిందనుకుని దుకాణం బోర్డుకు ఊరి పేరు కొట్టాడు. 'ఘన్పూర్' అని వచ్చింది. న కింద ప వత్తు! "ఇదేందిరా, ఊరి పేరే తప్పు పడ్తంది" అన్నాడు. ఇది తెర తప్పు కాదు, ఫాంట్ తప్పూ కాదు. పొల్లు పక్కన హల్లు వస్తే వత్తుగా మార్చడం మన లిపి నియమం, కంప్యూటర్ దాన్నే పాటించింది. ఇక్కడ మార్చొద్దు అని చెప్పడానికి యూనికోడ్‌లో ఒక కనబడని గుర్తు ఉంది. వెడల్పు సున్నా, పని మాత్రం రెండు అక్షరాలను విడిగా ఉంచడం. న్‌కూ పూకూ మధ్య దాన్ని పెడితేనే 'ఘన్‌పూర్' అవుతుంది. కంటికి నాలుగు అక్షరాలు, లోపల ఎనిమిది అంకెలు. ఆ గుర్తుతో ఒకరు, గుర్తు లేకుండా ఇంకొకరు రాస్తే చదివే మనిషికి ఒకే ఊరు, వెతికే యంత్రానికి రెండు ఊళ్లు కావచ్చు. పాసు పుస్తకంలో, రేషన్ కార్డులో పేరు కలవకపోతే తిరిగేది ఎవరో మీకు తెలుసు.

ఇప్పుడు 2018 ఫిబ్రవరికి రండి. ప్రపంచమంతా ఒక్కసారిగా తెలుగు గురించి మాట్లాడింది. ఒక తెలుగు అక్షరం మెసేజ్‌లో వస్తే ఐఫోన్ కుప్పకూలుతోందని. అక్షరం 'జ్ఞా', జ్ఞానంలో మొదటిది. మ్యాక్ కంప్యూటర్ల మీద కూడా అదే గోల. మనం రోజూ రాసే జ్ఞా వల్ల ఏమీ కాలేదు. జ, పొల్లు, ఞ, తర్వాత మన ఘన్‌పూర్‌లో చూసిన ఆ కనబడని గుర్తు, ఆ తర్వాత దీర్ఘం, ఈ వరసలో వస్తే కూర్పు సాఫ్ట్‌వేర్ మెమరీలో తప్పటడుగు వేసి పడిపోయింది. బెంగాలీ, దేవనాగరిలో కూడా అలాంటి కూర్పులు దొరికాయి. ఫిబ్రవరి 19న ఆపిల్ ఐఓఎస్ 11.2.6తో పాటు మ్యాక్‌కూ సవరణ ఇచ్చింది. లోపం కోడ్‌లో ఉంది, సవరించింది కోడ్‌నే. కానీ వార్తల్లో పేరు పడింది మాత్రం తెలుగు అక్షరానికి.

2006లో షాపాయన అన్న మాట, 2018లో ప్రపంచం అన్న మాట ఒకటే కదండీ: తెలుగు వల్ల యంత్రం పాడవుతుంది. ఆ మాట నమ్మి ఎంతమంది బోర్డులు, బిల్లులు, పెళ్లి పిలుపులు ఇంగ్లీషులోకి మార్చుకున్నారో. మా బావ కూడా ఒక దశలో "ఇంగ్లీషుల రాయించుకుంట పోరా" అన్నాడు. ఆ టిక్కు దొరకకపోతే ఆ బోర్డు మీద తెలుగు ఉండేది కాదు.

ఇప్పుడు విండోస్‌లో తెలుగు ముందే ఉంటుంది. అయినా తేడా వస్తే దాని ఆకారం చూడండి, అదే కారణం చెప్తుంది. ఖాళీ డబ్బాలైతే ఫాంట్ లేదు. వత్తులు విడిపోతే ఆ ప్రోగ్రాంకు కూర్పు రాదు, పాత డిజైన్ సాఫ్ట్‌వేర్లలో ఇది మామూలు. తల మీద వాలు గీతతో ఇంగ్లీషు ఏ, పక్కన డిగ్రీ గుర్తు, ఇవే మళ్లీ మళ్లీ కనబడితే తెలుగునే కంప్యూటర్ వేరే కోడ్‌గా చదువుతోంది, ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8కి మార్చండి. చుక్కల సున్నా కనబడితే గుణింతం గుర్తుకు ముందు అక్షరం లేదని, అది టైపింగ్ పొరపాటు. వీటిలో ఒక్కదానికి కూడా మానిటర్ మోసుకుపోయే పని లేదు.

నెట్ సెంటర్ ఇప్పుడు లేదు, ఫోన్లు వచ్చి మూతపడింది. బోర్డు మాత్రం బావ ఇంటి వెనక రేకుల కింద ఉంది. పోయినసారి వెళ్లినప్పుడు తుడిచి చూశాను. 'స్టేషన్ ఘన్‌పూర్', వత్తు కింద వత్తు, పొల్లు మీద పొల్లు, అన్నీ సరిగ్గానే ఉన్నాయి.

మీ ఊరి పేరు కంప్యూటర్‌లో ఎలా వస్తుందో ఒకసారి కొట్టి చూడండి. మళ్లీ ఇంకో ముచ్చటతో కలుద్దాం. సెలవు.