పడేయడానికి పుట్టిన బరువు

2000 సెప్టెంబర్ 19. సిడ్నీ ఒలింపిక్స్ వెయిట్‌లిఫ్టింగ్‌లో కరణం మల్లీశ్వరి ఆఖరి ప్రయత్నంలో 137.5 కిలోలు అడిగారు. అది లేచి ఉంటే బంగారు పతకమే. లేవలేదు. అప్పటికి స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి ఉన్నారు కాబట్టి కాంస్యం దక్కింది. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ మన శ్రీకాకుళం జిల్లా ఆడపడుచు అయింది. ఆ రోజు గురించి మనం ఎంతో చదువుకున్నాం. ఆ రాడ్‌కు రెండు చివరలా ఉన్న రబ్బరు చక్రాల గురించి మాత్రం చదివిన గుర్తు నాకు లేదు. అంత బరువుకు ఒక మనిషి తెగించగలుగుతున్నదంటే, లేవకపోతే వదిలేసి పక్కకు తప్పుకోవచ్చన్న భరోసా ఉండబట్టే. ఆ భరోసా ఇచ్చేది ఆ చక్రాలే. జిమ్ భాషలో వాటిని బంపర్ ప్లేట్లంటారు.

వీటి కథ రైలు చక్రాలతో మొదలుపెట్టవచ్చు. పందొమ్మిదో శతాబ్దం చివర్లో ఫ్రాన్స్‌లో అపోలాన్ పేరుతో ప్రదర్శనలిచ్చిన లూయీ యూనీ అనే బలశాలి దగ్గర ఒక ఇరుసు, దానికి బిగించిన రెండు రైలు చక్రాలు ఉండేవి. మొత్తం సుమారు 166 కిలోలు. నేటి లిఫ్టర్లకు ఆ బరువు ఒక లెక్క కాదు. కానీ ఆ ఇరుసు పిడికిట్లో ఇమడనంత లావు, పైగా చక్రాలు దాని మీద విడిగా తిరగవు. పైకి లాగి భుజాల మీదికి తిప్పేటప్పుడు చక్రాల విసురు మణికట్టు మీదే పడుతుంది. అందుకే దాన్ని తల మీదికి ఎత్తినవాళ్ల పేర్లు చరిత్రలో నిలిచిపోయాయి: 1930లో షార్ల్ రిగులో, 1949లో అమెరికన్ జాన్ డేవిస్, 1954లో నార్బర్ట్ షెమాన్‌స్కీ. వీరఘట్టం నుంచి వచ్చిన మన కోడి రామ్మూర్తి నాయుడు గారిదీ బలప్రదర్శనల యుగమే. అప్పట్లో ఎవరి బరువులు వారివి. ఒకరు ఎత్తినదాన్ని మరొకరు ఎత్తినదానితో పోల్చడానికి కొలమానమే లేదు.

ఆ కొలమానం జర్మనీలో తయారైంది. నూరెంబర్గ్‌కు చెందిన కాస్పర్ బెర్గ్ చేసిన రాడ్‌లో చివరలు విడిగా తిరుగుతాయి. ప్లేట్లు తిరుగుతున్నా చేతిలోని రాడ్ తిరగదు. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో దాన్ని వాడారు. ఒంటిచేతి ఎత్తుళ్లు పోటీల నుంచి తప్పుకున్నదీ ఆ ఏడాదే. పెద్ద ప్లేటు వ్యాసం 45 సెంటీమీటర్లు అన్న లెక్క ఆ తరం రాడ్‌ల నుంచే వచ్చింది. దాని ఫలితం చూడండి: శ్రీకాకుళంలోనైనా సోఫియాలోనైనా నేల మీద రాడ్ మధ్యభాగం 22.5 సెంటీమీటర్ల ఎత్తులోనే ఉంటుంది. లిఫ్టర్ ఎంత వంగాలో, నడుము ఎక్కడ పెట్టాలో నిర్ణయించేది ఆ ఎత్తే.

చాలాకాలం ఆ ప్లేట్లు ఉత్త ఇనుమే. తల మీద నుంచి ఇనుము పడితే చెక్క వేదిక చిట్లుతుంది, రాడ్ వంగుతుంది. కాబట్టి ఎత్తడానికి పడిన కష్టం చాలక దించడానికీ కష్టపడాలి. దారి స్వీడన్‌లో దొరికింది. హాల్మ్‌స్టాడ్‌లో ఎలెయికో అనే చిన్న కంపెనీ ఇంట్లో వాడే విద్యుత్ పరికరాలు చేసుకుంటూ ఉండేది. అక్కడ పనిచేసే ఒక లిఫ్టర్, వంగిపోయే రాడ్‌లతో విసిగి, మనమే మంచి ఉక్కుతో ఎందుకు చేయకూడదని యజమానిని ఒప్పించాడు. 1963లో స్టాక్‌హోమ్ ప్రపంచ పోటీలు మొదటి నుంచి చివరి దాకా ఆ కంపెనీ రాడ్ ఒక్కదానితోనే సాగిపోయాయి. ఆ తర్వాతి ఏళ్లలో ప్లేట్లకు రబ్బరు తొడుగు వచ్చింది. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్ తర్వాత ప్రెస్ అనే ఎత్తుడును తీసేశారు. మిగిలిన రెండూ, స్నాచ్, క్లీన్ అండ్ జెర్క్, మెరుపు వేగంతో సాగేవి. రబ్బరు లేకుండా వాటిని రోజూ సాధన చేయడం ఊహించలేం. ఎరుపు 25, నీలం 20, పసుపు 15, ఆకుపచ్చ 10 కిలోలు అన్న రంగుల లెక్క నేడు ప్రపంచమంతా ఒకటే.

2000లో అమెరికాలో మొదలైన క్రాస్‌ఫిట్ అనే వ్యాయామ పద్ధతి ఈ ప్లేట్లను పోటీ వేదిక దాటించి కారు షెడ్డులోకి తెచ్చింది. కరోనా కాలంలో జిమ్‌లు మూతపడ్డాక మన ఊళ్లలోనూ ఇంట్లో కొనుక్కునేవాళ్లు కనబడుతున్నారు. అలా కొనేవాళ్లకు నేను చెప్పదలచింది ఒక్కటే: ఈ చరిత్ర అడిగిన ప్రశ్నలే మీరూ అడగండి.

మొదట వ్యాసం. 5 కిలోలదైనా 20 కిలోలదైనా 45 సెంటీమీటర్లే ఉండాలి. రంధ్రం రాడ్ చివర ఉండే 50 మిల్లీమీటర్ల స్లీవ్‌కు సరిపడాలి. మన పాత జిమ్‌ల సన్న రాడ్‌కు ఇవి పనికిరావు. తర్వాత రబ్బరు. పాత టైర్ల పొడితో చేసినవి మెత్తగా ఉంటాయి, నేలను కాపాడతాయి, గరుకు సిమెంటు మీద కూడా మన్నుతాయి. కానీ బాగా ఎగురుతాయి. పక్కనే కారు, వెనక గోడ ఉన్న ఇరుకు చోట ఎగిరే 80 కిలోలు ప్రమాదం. పైగా ఇవి లావు, స్లీవ్ మీద తక్కువ పడతాయి. గట్టి రబ్బరువి సన్నగా ఉంటాయి, పడిన చోటే ఆగుతాయి, ధర ఎక్కువ. బరువు పెంచుకుంటూ పోయే ఉద్దేశం ఉంటే వీటికే నా ఓటు.

అన్నిటికన్నా ముఖ్యం మధ్యలోని ఉక్కు బుష్. బంపర్ ప్లేటు పాడయ్యేది చాలావరకు అక్కడే: రబ్బరు బాగానే ఉంటుంది, బుష్ వదులై ఊడి వస్తుంది. రంగు చూసి మోసపోకుండా వేలితో బుష్ చుట్టూ తడిమి చూడండి. తూకం కూడా వేయించండి. పోటీ ప్లేటుకు నిబంధన ఎంత కచ్చితమంటే, 20 కిలోల దానికి 20 గ్రాములు మించకూడదు, 10 గ్రాములు తగ్గకూడదు. ఇంటికి అంత అక్కర్లేదు గానీ, జతలో రెండిటికీ తేడా ఉంటే నడుము ఒక పక్కకు లాగుతుంది.

5 కిలోల జత ఒక్కటే ఎక్కించి తల మీద నుంచి వదలకండి. సన్నవి కాబట్టి వంగిపోతాయి. 10, 15, 20 కిలోలు ఒక్కో జత, 20 కిలోల రాడ్ కలిపితే 110 కిలోలు. కొత్తవాళ్లకు చాలాకాలం చాలు. మధ్యలో బరువు కలపడానికి చిన్న ఇనుప ప్లేట్లు చవకలో వస్తాయి, బంపర్ బయట తొడిగితే నేలను తాకవు. ఆడపిల్లలకు 15 కిలోల రాడ్ తీసుకోండి. అది 25 మిల్లీమీటర్ల మందమే, పిడికిలికి అందుతుంది. మేడ మీద గదిలో అయితే ఎంత మంచి రబ్బరైనా వదిలేయవద్దు; కింద ఉండేవాళ్ల స్లాబు అది. ఎండలో పెట్టకండి, రబ్బరు పగులుతుంది.

స్టూవర్టుపురం నుంచి వెళ్లిన రాగాల వెంకట రాహుల్ 2018 కామన్వెల్త్ క్రీడల్లో 338 కిలోలు ఎత్తి స్వర్ణం తెచ్చాడు. విజయనగరం పక్కన కొండవెలగాడ ఊరు ఊరంతా లిఫ్టర్లకు పేరు. అలాంటి సాధనా కేంద్రం మీకు దగ్గర్లో ఉంటే, డబ్బు కట్టే ముందు ఒక సాయంత్రం అక్కడికి వెళ్లండి. కోచ్‌ని అడిగి, నాలుగైదు రకాల ప్లేట్లు పడేసి చూసి, అప్పుడు కొనండి.