యూనిక్స్‌లో తెలుగు ఫాంట్ల సూచిక, పేర్లు

యూనిక్స్, లినక్స్ కంప్యూటర్లలో ఫాంట్ ఫైళ్లను పేర్లతో నమోదు చేసి, అడిగినప్పుడు వెతికిపెట్టే ఏర్పాటును ఫాంట్ సూచిక అంటారు. తెలుగు వరకు దీని చరిత్రలో రెండు దశలున్నాయి. మొదట్లో సూచిక పేరును నమ్మింది. తరువాత ఫైలు లోపలికి తొంగిచూడటం నేర్చుకుంది. తెలుగుకు చోటు దొరికింది రెండో దశలోనే.

1984లో ఎంఐటీలో మొదలైన ఎక్స్ విండో వ్యవస్థలో ఫాంట్లున్న ప్రతి డైరెక్టరీకీ ఒక పట్టిక ఉండేది. మొదటి వరుసలో ఫాంట్ల సంఖ్య, కింద వరుసకొక ఫైలు పేరు, దాని పక్కన అడ్డగీతలతో విడదీసిన 14 అంశాల పొడవాటి పేరు: తయారీదారు, కుటుంబం, మందం, వాలు, కొలతలు, చివర సంకేత పద్ధతి. కొత్త ఫాంటు చేర్చిన ప్రతిసారీ పట్టికను మళ్లీ తయారు చేయించాలి. పేర్ల మీదే ఆధారపడిన మరో వ్యవస్థ టెక్. ఆ అక్షరకూర్పు వ్యవస్థలో ఫైలు పేరుకు ఎనిమిది అక్షరాలే వీలయ్యే యంత్రాలనూ దృష్టిలో ఉంచుకుని, కార్ల్ బెర్రీ 1990లో పొట్టి పేర్ల పద్ధతి ఒకటి ప్రతిపాదించారు.

ఎక్స్ పాత పద్ధతి ఒక్కో సంకేతానికి ఒక్కో బొమ్మ గీసేది. గుణింతాలు, ఒత్తులు కలిసి రూపం మార్చుకునే తెలుగుకు అది సరిపోలేదు. అందుకే 8 బిట్ల ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలను కూర్చాయి. ఆ ఫాంటు లేని యంత్రంలో అదే పాఠం అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలుగా కనిపించేది. సూచికకు కూడా అవి ఇంగ్లీషు ఫాంట్లే.

1991లో వెలువడిన యూనికోడ్ మొదటి కూర్పు తెలుగుకు 128 స్థానాల గడిని కేటాయించింది. 2000ల తొలి ఏళ్లలో కీత్ ప్యాకార్డ్ రూపొందించిన ఫాంట్‌కాన్ఫిగ్ ఆ గడినే ఆధారం చేసుకుంది. అది ప్రతి ఫాంటునూ తెరిచి, లోపలి పేర్ల పట్టికనూ, ఏయే అక్షరాలున్నాయో దానినీ చదివి దాచుకుంటుంది. ఫైలు పేరు మార్చినా తేడా రాదు. తెలుగు అక్షరాలు తగినన్ని ఉంటేనే ఆ ఫాంటును తెలుగుదిగా లెక్కిస్తుంది. పేరులో తెలుగు అని ఉన్నంత మాత్రాన ఒప్పుకోదు. ఒత్తులను కూర్చే పని పాంగో, హార్ఫ్‌బజ్ వంటి లైబ్రరీలది.

తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన పోతన2000, వేమన2000 ఫాంట్లు, రెడ్‌హ్యాట్ ఇచ్చిన లోహిత్ తెలుగు అలా లినక్స్ పంపిణీల్లోకి చేరాయి. తరువాత సిలికానాంధ్ర సంస్థ స్వేచ్ఛా లైసెన్సుతో విడుదల చేసిన వరుసలో ఒక ఫాంటు ‘సురవరం’. ముఖ్యంగా వార్తాపత్రికలకు పనికొచ్చేలా దీన్ని రూపొందించారు. గద్వాల ప్రాంతంలో 1896లో పుట్టిన సురవరం ప్రతాపరెడ్డి పేరు దీనికి పెట్టారు. 1926లో గోలకొండ పత్రిక స్థాపించిన సంపాదకుడి పేరు పత్రికల ఫాంటుకు పెట్టడం ఎంతో సముచితం.

ఫాంటు లోపల రాసే పోస్ట్‌స్క్రిప్ట్ పేరులో ఖాళీలు ఉండకూడదు, అది రోమన్ లిపిలోనే ఉండాలి. కుటుంబం పేరుకు ఆ కట్టడి లేదు. దాన్ని తెలుగు లిపిలోనూ నమోదు చేయవచ్చు, ఫాంట్‌కాన్ఫిగ్ చదువుకుంటుంది. కొత్తగా తెలుగు ఫాంట్లు చేసేవారు తెలుగు పేరుకున్న ఆ చోటును ఖాళీగా వదలకుండా కుటుంబం పేరును తెలుగులో కూడా రాయాలి.