మోటారు తాళపుచెవి - నాడు, నేడు

తాళపుచెవి పోయినచో ఇల్లంతయు వెదకుట మనకు క్రొత్త కాదు. పూజగది గూటిలో, చొక్కా జేబులో, అల్మారా మీద వెదకి, దొరకనప్పుడు వీధిచివర తాళములు బాగుచేయువానిని పిలిపింతుము. అతడు ఇత్తడి రేకును ఆకురాయితో అరగదీసి, గడియలో క్రొత్త చెవి చేసి యిచ్చును. మోటారుకారు విషయమునను చాలకాలము ఇదియే జరిగినది. నేడట్లు కాదు. అచ్చముగా అదే ఆకారమున కోసిన చెవి కారు తలుపును తెఱచునే గాని, యంత్రమును నడువనీయదు. బండి కదలవలెనన్నచో స్వంతదారుడు తన హక్కును పత్రములతో నిరూపించి, బండిలోని ఎలక్ట్రానిక్ కాపలాదారునకు క్రొత్త చెవిని పరిచయము చేయింపవలెను. ఈ మార్పు ఎట్లు వచ్చినది? ఇందువలన మనకు కలిగిన లాభమేమి? చెల్లించుచున్న మూల్యమేమి?

తొలినాటి కారులకు తాళపుచెవితో అంతగా పనిలేదు. ముందుభాగమున ఇనుపకడ్డీ నమర్చి, బలముకొలది త్రిప్పి యంత్రమును మేల్కొలుపవలసి యుండెను. కడ్డీ వెనుకకు తన్ని చేయి విరిగినవారును కలరు. 1912వ సంవత్సరపు కాడిలాక్ కారులో చార్లెస్ కెటరింగ్ రూపొందించిన విద్యుత్ స్టార్టరు ఆ శ్రమను తొలగించెను. 1949లో క్రైస్లర్ సంస్థ, తాళపుచెవిని త్రిప్పినంతనే యంత్రము మేల్కొను ఏర్పాటును ప్రవేశపెట్టెను. కాని చెవి చేయు పనియెల్ల తీగలను కలుపుటయే గదా! ఆ తీగలను తానే కలుపుకొనగల దొంగకు చెవితో నిమిత్తము లేకపోయెను. కావున, చెవి తీసిన పిదప స్టీరింగు త్రిప్పుటకో, బండి ముందునకు నడచుటకో వీలులేకుండ చేయవలెనని అమెరికా ప్రభుత్వము 1970 నుండి క్రొత్త కారులకు నిబంధన విధించెను. దొంగలు బలమైన పనిముట్లతో ఆ కట్టును గూడ విఱువ నేర్చిరి.

ఇనుము చాలదని తేలిన పిదప విద్యుత్తు వంతు వచ్చినది. 1986వ సంవత్సరపు కార్వెట్ కారు తాళపుచెవిలో జనరల్ మోటార్స్ సంస్థ చిన్న విద్యుత్ నిరోధకమును పొదిగెను. దాని విలువ సరిపోయిననే యంత్రము నడచును. ఐతే ఆ విలువలు 15 మాత్రమే. ఓపికగల దొంగ అన్నింటిని పరీక్షింపవచ్చును. అయినను భావము మంచిది: చెవికి ఆకారముతో పాటు ఒక రహస్యము కూడ ఉండవలెను.

ఆ భావమును సార్వత్రికము చేసినది ఐరోపా. 1989లో తూర్పు సరిహద్దులు తెఱచుకొనిన పిదప జర్మనీలో కారుల దొంగతనములు విపరీతముగా పెరిగినవి. బీమా సంస్థలు నష్టము భరింపలేక ఎలక్ట్రానిక్ నిరోధకము కావలెనని పట్టుపట్టినవి. 1995లో ఐరోపా సమాజము ఒక ఆదేశము వెలువరించి, 1998 అక్టోబరు నుండి క్రొత్త ప్రయాణికుల కారులన్నింటికిని దానిని తప్పనిసరి చేసెను. ఆస్ట్రేలియా 2001 జూలైలోను, కెనడా 2007 సెప్టెంబరులోను ఆ మార్గమునే అనుసరించినవి. దీనికి ఇమ్మొబిలైజరు అని పేరు.

దాని పనితీరు రేడియో శ్రోతలకు సులభముగా అర్థము కాగలదు. వెనుకటి స్ఫటిక రేడియోకు బ్యాటరీ ఉండెడిది కాదు. గాలిలోని తరంగముల శక్తియే దానిని పలికించెడిది. తాళపుచెవి తలలోని చిన్న చిప్పు కూడ అట్టిదే. చెవిరంధ్రము చుట్టును తీగచుట్ట యొకటి యుండును. చెవిని త్రిప్పగనే అది సాధారణముగా 125 కిలోహెర్ట్జ్ పౌనఃపున్యమున అయస్కాంత క్షేత్రమును పుట్టించును. మన మధ్యతరంగ ప్రసారములకంటె ఇది చాల తక్కువ పౌనఃపున్యము. ఆ క్షేత్రమునుండియే శక్తిని గ్రహించి చిప్పు తన సంకేతమును తెలుపును. తొలుత ఎప్పుడును ఒకే సంఖ్య చెప్పెడిది. దానిని చాటుగా విని అనుకరింపవచ్చును. తరువాతి వానిలో కారు ప్రతిసారియు క్రొత్త ప్రశ్న వేయును. చెవి తన రహస్యసంఖ్యతో గణించి సమాధానమిచ్చును. సమాధానము తప్పినచో ఇంధనముగాని నిప్పురవ్వగాని యంత్రమునకు అందదు. తెలుగువారు దీనిని ఏనాడో ‘చెవి’ యన్నారు. నేడది నిజముగనే వినుచున్నది, బదులు పలుకుచున్నది.

ఫలితము సామాన్యము కాదు. ఈ నిబంధన వలన నెదర్లాండ్సులో కారుల దొంగతనము సుమారు 40 శాతము తగ్గినదని అర్థశాస్త్రజ్ఞులు లెక్కగట్టిరి. అట్టి నిబంధన లేని అమెరికాలో హ్యూందాయ్, కియా కారులు పెక్కింటికి ఈ సాధనము అమర్చబడలేదు. 2021 తరువాత వానిని దొంగిలించు విధానము కుఱ్ఱవాండ్రలో వీడియోల ద్వారా వ్యాపించెను. 2023 ఫిబ్రవరిలో ఆ సంస్థలు దాదాపు 83 లక్షల బండ్లకు ఉచితముగా సాఫ్ట్‌వేరు సవరణ ప్రకటింపవలసి వచ్చెను.

ఐనను రహస్యము రహస్యముగ నిలుచునా? ఇది పాత ప్రశ్న. లండనులో బ్రామా సంస్థవారు తమ తాళమును తెఱచినవారికి 200 గినీలు ఇత్తుమని దుకాణపు కిటికీలో పలక పెట్టి యుండిరి. 1851లో హాబ్స్ అను అమెరికా తాళముల పనివాడు 16 దినములలో 51 గంటలు శ్రమించి దానిని తెఱచెను. తాళపు లోపమును బయటపెట్టుట దొంగకు మేలు చేయుట గాదా యని పలువురు కోపించిరి. దొంగలకు ఆ లోపములు ముందే తెలియును, తెలియనివారు కొనుగోలుదారులే యని హాబ్స్ వాదము. 2005లో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు తోటివారితో కలసి ఒక ప్రసిద్ధ చిప్పులోని 40 బిట్ల రహస్యమును ఛేదించిరి. 40 బిట్లనగా సుమారు 1,10,000 కోట్ల సంఖ్యలు, అవియు చాలలేదు. 2013లో వేఱొక చిప్పు లోపములను గూర్చిన పత్రమును ప్రకటింపరాదని లండను హైకోర్టు వోక్స్‌వాగన్ కోరికపై ఆజ్ఞ ఇచ్చెను. చిప్పు తయారుచేయువారికి 2012లోనే పరిశోధకులు ఆ సంగతి తెలిపియుండిరి. ఒక్క వాక్యము తొలగించిన పిదప, 2015లో ఆ పత్రము వెలువడినది. తాళపు నిర్మాణము తెలిసినంత మాత్రమున తెఱచుకొను తాళము తాళమే కాదు. భద్రత చెవిలోని రహస్యముననే యుండవలెను.

ఇక చెవి పోగొట్టుకొనినవాని గోడు. రేకు కోయుట నేటికిని సులభమే. ఆపైన పనివాడు కారుయొక్క పరీక్షా ద్వారమునకు యంత్రమును తగిలించి, అనుమతి సంకేతముతో క్రొత్త చిప్పును కారు స్మృతిలో నమోదు చేయవలెను. ఆ సంకేతము తరచుగా తయారీదారుల చేతిలో నుండును. 1990 దశకపు కొన్ని ఫియట్ కారులతో ఎఱ్ఱతల గల ప్రధాన తాళపుచెవి ఒకటి వచ్చెడిది. మామూలు చెవులతో పాటు అదియును పోయినచో కారు నియంత్రణ యంత్రమునే మార్చవలసి వచ్చెడిది. డబ్బిచ్చి కొనిన బండి మనదే. దానిని నడపు అధికారము మాత్రము ఇతరుల యొద్ద నుండుట న్యాయమా? ఇట్టి ఫిర్యాదుల మీదనే 2006లో కాలిఫోర్నియా రాష్ట్రము, స్వంతదారుని పక్షమున తాళముల పనివారికి ఆ సమాచారమందవలెనని శాసనము చేసెను. దొంగను ఆపు గోడ యజమానిని ఆపరాదు. ఈ రెంటి నడుమ తూనిక సరిచూచుటయే నేటి సమస్య.

అంతవరకు గృహస్థు చేయదగినవి కొన్ని కలవు. రెండవ తాళపుచెవిని ఇంట వేఱుచోట భద్రపఱచుడు. రెండును ఒకే గుత్తిలో నుంచుట ఒక్కటిగ నుంచుటతో సమానము. ఒక్కటి పోయిన దినముననే మఱియొకటి చేయించుడు. చేతిలో ఒకటి యుండగా పని తేలిక, ఖర్చు తక్కువ. పోయిన చెవి సంకేతమును కారు స్మృతినుండి తుడిపింపుడు. అది ఎవరికి దొరకినను ఇక యంత్రమును కదలింపలేదు. ఐతే తలుపు తాళమునకు ఆ మఱపు లేదు, దానికి రేకు ఆకారమే సాక్ష్యము. కావున విలువైన వస్తువులను కారులో వదలకుడు. పాతబండి కొనునపుడు చక్రములను, రంగును చూచుటకు ముందు తాళపుచెవులెన్నియో లెక్కించుడు. మన పెద్దలు ఇల్లు అప్పగించునపుడు మొదట తాళపుగుత్తినే చేతిలో పెట్టెడివారు. ఆ మర్యాద కారునకును వర్తించును.