ఉదయగిరి, ఆత్మకూరు శాసనాలు: డిజిటల్ పటంలో స్థలనిర్ణయం

నెల్లూరు జిల్లా శాసనాలను అలన్ బటర్‌వర్త్, వి. వేణుగోపాల చెట్టి 1905లో మూడు సంపుటాలుగా ప్రకటించారు. పశ్చిమ నెల్లూరులోని ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాల మధ్యయుగ చరిత్రకు అవి ముఖ్యాధారాలు. వాటిలోని అమరిక తాలూకాల వారీగా, గ్రామనామాల కింద సాగింది. నేడు ఆ శాసనాలను డిజిటల్ పటంపై గుర్తించడానికి గ్రామనామం ఒక్కటే చాలదు.

మొదటి చిక్కు నామసామ్యం. ఆత్మకూరు నంద్యాల, వనపర్తి జిల్లాలలోనూ ఉంది. ఉదయగిరి ఒడిశాలోనూ ఉంది. గజపతుల చరిత్రలో ఈ పొరపాటుకు మరింత అవకాశముంది.

రెండవది, శాసనమున్న చోటు వేరు, అది పేర్కొనే చోటు వేరు. కృష్ణదేవరాయలు 1513లో ఉదయగిరిని ముట్టడించి, 1514లో ప్రతాపరుద్ర గజపతి పాలన నుండి స్వాధీనపరచుకొన్నాడు. అక్కడి నుండి తెచ్చిన బాలకృష్ణ విగ్రహాన్ని ప్రతిష్ఠించిన సంగతిని హంపి కృష్ణాలయ శాసనం తెలుపుతుంది. ఒకే బిందువుతో సూచిస్తే ఉదయగిరి పటంలో ఈ ఆధారం కనిపించదు.

మూడవది స్థలాల మార్పు. పెన్నపై సోమశిల జలాశయపు ముంపు ఎగువన కడప జిల్లా గ్రామాలకూ వ్యాపించింది. పునరావాస గ్రామానికి పాత పేరే నిలిచినచోట, నేటి అక్షాంశ రేఖాంశాలు పూర్వస్థలాన్ని సూచించవు. 1985లో మండల వ్యవస్థ ఏర్పడినందున తాలూకాల లెక్కలను నేటి సరిహద్దులతో నేరుగా పోల్చడమూ తగదు.

కాబట్టి ప్రతి శాసనానికీ లభించిన స్థలం, ప్రస్తుత స్థలం, ప్రస్తావిత స్థలం, నిర్ధారణ స్థాయి విడివిడిగా నమోదు కావాలి. లేనిచో పటంలోని కచ్చితత్వం ఆధారంలో లేని కచ్చితత్వమవుతుంది.