ఆముదంలో వెలిగిన పొడి

1936లో పారిస్‌లో జార్జ్ డెస్ట్రియో కాస్త రాగి కలిసిన జింక్ సల్ఫైడ్ పొడిని ఆముదంలో కలిపి, అభ్రకపు రేకుల మధ్య ఉంచి, ఏసీ వోల్టేజీ పెట్టారు. పొడి వెలిగింది. మన ఇళ్లలో తరతరాలు కాలి వెలుగిచ్చిన ఆముదం అక్కడ పొడిని పట్టి ఉంచే పనే చేసింది. పొడి రేణువుల్లో సూదుల్లాంటి రాగి సల్ఫైడ్ కొనల దగ్గర విద్యుత్ క్షేత్రం బాగా తీవ్రమై ఆవేశాలను లోపలికి నెడుతుంది. క్షేత్రం దిశ మారినప్పుడల్లా అవి మళ్లీ కలుసుకుంటాయి. అప్పుడు విడుదలయ్యే శక్తే ఆ వెలుగు. దీన్ని విఫలమైన దీపంగా లెక్కగట్టడం సబబు కాదని నా వాదన.

విఫలమైందనేవారికి ఆధారాలు లేకపోలేదు. 1950లలో గోడలే వెలుగుతాయని ఆశపడ్డారు. కానీ వోల్టేజీ పెంచితే వెలుగు పెరిగి ఆయుష్షు తగ్గేది; తేమ తగిలితే పొడి నల్లబడేది. చివరికి రాత్రి దీపాలకూ, అపోలో నౌకల కంప్యూటర్ అంకెలకూ, 1992 నుంచి టైమెక్స్ గడియారాలకూ పరిమితమైంది. గదికి వెలుగివ్వలేదన్నది నిజమే. అయితే ఆ లోపాలను సరిదిద్దబోయినవారు ఏం కనిపెట్టారో కూడా చూడాలి.

పొడి బదులు పలుచని పొరతో వెలిగే తెర చేస్తే, ఆ పొరకు ఇరువైపులా విద్యుత్‌ను అడ్డుకునే బంధక పొరల్లో సూదిమొనంత రంధ్రమున్నా అక్కడ కరెంటు దూసుకుపోయి తెర కాలిపోతుంది. అందుకే 1974లో ఫిన్లండ్‌లో టుయోమో సుంతోలా ఒక పద్ధతి రూపొందించారు. ముందు జింక్ ఆవిరి పంపితే ఉపరితలానికి ఒక్క వరసే అంటుకుంటుంది, మిగిలినదాన్ని తొలగించి గంధకపు ఆవిరి పంపాలి, మళ్లీ జింక్. ఇలా వరస మీద వరసగా పొర పెరుగుతుంది. 1983లో హెల్సింకి విమానాశ్రయంలో ఈ పద్ధతితో చేసిన సమాచార ఫలకం వెలిగింది. ఈ ఊహ కొత్తది కాదనీ, లెనిన్‌గ్రాద్‌లో అలెస్కోవ్‌స్కీ బృందం 1960లలోనే ఇలాంటి పొరలు పేర్చిందనీ అనవచ్చు. అదీ నిజమే. అయినా సూత్రం ప్రయోగశాలలో ఉండటం వేరు, పెద్ద గాజు పలక మీద ఒక్క రంధ్రం కూడా లేకుండా పొర పరిచే యంత్రంగా మారడం వేరు. ఆ పట్టుదలకు కారణం వెలిగే తెరే. నేడు చిప్‌ల ట్రాన్సిస్టర్లలో కొద్ది అణువుల మందం బంధక పొరలు పరిచేది ఈ పద్ధతే. డెస్ట్రియో వెలుగు గదుల్లోకి రాలేదు. దానికోసం నేర్చిన పనితనం మాత్రం మన జేబుల్లోని ఫోన్లలో ఉంది.