గ్రహణం మొర్రి: ఒక నింద చరిత్ర

పై పెదవి చీలి పుట్టిన బిడ్డను చూసి మన ఊళ్లలో ‘గ్రహణం మొర్రి’ అంటారు. జబ్బు పేరులోనే కారణం కూడా చెప్పేసే మాట ఇది. గ్రహణం వేళ కడుపుతో ఉన్న మనిషి బయటికి వచ్చిందనీ, కత్తిపీట ముట్టుకుందనీ, అందుకే బిడ్డ పెదవి తెగిందనీ దాని అర్థం. విచారణ లేకుండానే తల్లిని దోషిగా నిలబెట్టే మాట.

1980 ఫిబ్రవరి 16న పట్టిన సంపూర్ణ సూర్యగ్రహణం మన వయసు వారికి బాగా జ్ఞాపకం. హైదరాబాదుకు సమీపాన జపాల్-రంగాపూర్ వేధశాలలో శాస్త్రజ్ఞులు దుర్భిణులు బిగించుకుని చూస్తుంటే, మనలో చాలామందిమి తలుపులు వేసుకుని ఇళ్లలో కూర్చున్నాం. అప్పుడు మా చెల్లెలికి ఏడో నెల. ఏప్రిల్ నెలాఖరున మగబిడ్డ పుట్టాడు. పై పెదవి ఎడమ వైపు చీలి ఉంది. గ్రహణం విడవకముందే లేచి కూరగాయలు తరిగిందని అత్తవారింట అన్నారు. తరగలేదని అది ఏడ్చింది. చదువుకున్నవాణ్ణి, సర్కారు ఉద్యోగిని, నేను కూడా నోరు విప్పలేదు. విరమణ తర్వాత తీరిక దొరికి ఈ విషయం చదవడం మొదలుపెట్టాను. చదివినది మిత్రులతో పంచుకుందామని ఈ వ్యాసం.

సుశ్రుతుని నుంచి పూణే దాకా

ప్లాస్టిక్ సర్జరీ అంటే మన బక్కెట్లు, సంచుల ప్లాస్టిక్‌తో చేసేది కాదు. మలచడం అనే అర్థం గల గ్రీకు మాట నుంచి ఆ పేరు వచ్చింది. పేరు వారిదైనా విద్య మనకు పాతదే. సుశ్రుత సంహిత సూత్రస్థానం 16వ అధ్యాయంలో తెగిన చెవి తమ్మెలను అతికే 15 విధానాలు ఉన్నాయి. పోయిన ముక్కును తిరిగి చేసే పద్ధతి కూడా అక్కడే ఉంది. ముక్కు కొలతకు ఒక ఆకు కత్తిరించి, ఆ కొలతకు చెంప చర్మం లేపి, ఊపిరి ఆడడానికి రెండు గొట్టాలు పెట్టి కుట్టాలి. పెదవి అతకడమూ ఇదే తీరు, గొట్టాలు మాత్రం అక్కరలేదన్నారు.

చైనా చరిత్రలో క్రీ.శ. 4వ శతాబ్దపు చివరి కాలానికి చెందిన వెయ్ యోంగ్జి అనే యువకుని కథ ఉంది. చీలిన పెదవితో పుట్టినవాడు. వైద్యుడు పెదవి కోసి కుట్టి, నూరు రోజులు జావ తాగాలి, మాట్లాడకూడదు, నవ్వకూడదు అన్నాడట. అలాగే ఉన్నాడు. తర్వాత పెద్ద అధికారి అయ్యాడు.

మన విద్య సీమకు చేరడానికి కారణం ఒక బండివాడు. కవాస్జీ అనే అతను ఇంగ్లీషు సైన్యంలో ఎద్దుల బండి తోలేవాడు. 1792లో టిప్పు సుల్తాన్ సైన్యానికి చిక్కాడు. ముక్కు, ఒక చెయ్యి కోసి వదిలేశారు. సుమారు ఏడాది తర్వాత పూణే దగ్గర ఇటుకలు చేసే కులానికి చెందిన ఒకాయన మైనంతో ముక్కు నమూనా చేసి, దాని కొలతకు నుదుటి చర్మాన్ని లేపి, కిందికి తిప్పి కొత్త ముక్కు అమర్చాడు. ఇద్దరు ఇంగ్లీషు డాక్టర్లు పక్కనుండి చూశారు. ఆ వివరం బొమ్మతో సహా 1794 అక్టోబరులో లండన్ ‘జెంటిల్‌మన్స్ మ్యాగజైన్’లో ఒక ఉత్తరంగా అచ్చయింది. అది చదివిన జోసెఫ్ కార్ప్యూ అనే డాక్టరు శవాల మీద సాధన చేసి, 1814లో లండన్‌లో అదే శస్త్రచికిత్స చేశాడు. 1816లో పుస్తకం వేశాడు. యూరప్‌లో కొత్త యుగం మొదలైంది.

రోగి పేరు రికార్డులో ఉంది, పత్రిక పేరు, తేదీ ఉన్నాయి. చేసిన చెయ్యి ఎవరిదో ఆ ఉత్తరంలో రాయలేదు. ఫైళ్ల మధ్య జీవితం గడిపిన మనలాంటి వారికి ఇది బాధ కలిగించే సంగతి.

యుద్ధం నేర్పిన పాఠం

మొదటి ప్రపంచ యుద్ధంలో ముఖాలు ఛిద్రమైన సైనికుల కోసం 1917లో ఇంగ్లండులోని సిడ్‌కప్‌లో ప్రత్యేక ఆసుపత్రి తెరిచారు. అక్కడ హెరాల్డ్ గిలీస్, ఆయన సహచరులు కలిసి 5,000 మందికి పైగా సైనికులకు చికిత్స చేశారు. ఆయన వద్ద నేర్చుకున్న అమెరికన్ డాక్టర్ రాల్ఫ్ మిలార్డ్ కొరియాలో పనిచేసినప్పుడు పెదవి చీలిన పిల్లలను చూశాడు. అంతకుముందు రెండంచులూ దగ్గరికి లాగి కుట్టేవారు. మచ్చ ముడుచుకుని పెదవి పైకి లాగేది. చీలిన పెదవిలో ఉండాల్సిన కండ చాలావరకు ఉంది, కాకపోతే చోటు తప్పింది అని మిలార్డ్ గ్రహించాడు. పైకి లాగిన భాగాన్ని కిందికి తిప్పి, పక్క భాగాన్ని ముందుకు జరిపి, మచ్చ సహజమైన గీతలో కలిసిపోయేట్లు చేశాడు. 1955లో స్టాక్‌హోమ్ మహాసభలో ఆ పద్ధతి వివరించాడు. ఈనాటికీ ప్రపంచమంతటా డాక్టర్లు దాన్నీ, దాని మార్పులనూ వాడుతున్నారు.

అరుదైన జబ్బులు

పెదవి, అంగిలి చీలిక అంత అరుదేమీ కాదు. ప్రపంచం మొత్తం మీద సుమారు 700 జననాలకు ఒకటి. వేలల్లో ఒకరికి కూడా రానివి వేరే ఉన్నాయి. 1906లో అపెర్, 1912లో క్రూజోన్ అనే ఫ్రెంచి డాక్టర్లు వర్ణించిన జబ్బులు అటువంటివి. పుర్రె అతుకులు వేళకు ముందే మూసుకుపోతాయి, కళ్లు ముందుకు పొడుచుకొస్తాయి, ముఖం మధ్యభాగం లోపలికి పోతుంది. అపెర్ జబ్బులో వేళ్లు కూడా కలిసిపోయి ఉంటాయి. ఇటువంటి పిల్లలను ఇంట్లో దాచేవారు.

పారిస్ దగ్గర పనిచేసిన పాల్ టెసియే ఈ ముఖాలను సరిచేయాలని పూనుకున్నాడు. రైలెక్కి నాంత్ నగరానికి వెళ్లి శవాల మీద సాధన చేసేవాడు. మెదడు సర్జన్‌ను తోడు తీసుకుని, పుర్రె లోపలి నుంచి వెళ్లి, కంటి గూళ్లను విడదీసి సరైన చోటికి జరిపాడు. 1967లో రోమ్ మహాసభలో ఫలితాలు చూపించాడు. ఎముకను తాకకూడదనుకున్న చోట తాకవచ్చునని రుజువైంది.

జన్యువు చెప్పిన సాక్ష్యం

కుట్టే విద్య ఇంత ఎదిగినా, ‘ఎందుకు వచ్చింది’ అన్న ప్రశ్న దగ్గర తల్లి ముద్దాయిగానే నిలబడింది. మన దేశంలోనే కాదు, మెక్సికోలోనూ గ్రహణాన్నే అంటారు. గర్భిణులు నడుముకు తాళంచెవో, పిన్నీసో కట్టుకుంటారు. ఇంగ్లీషువారు గర్భిణికి కుందేలు ఎదురైందన్నారు.

1994లో క్రూజోన్ జబ్బుకు, 1995లో అపెర్ జబ్బుకు కారణమైన మార్పు ఒకే జన్యువులో కనిపించింది. 1996లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు, తల్లిదండ్రులకు జబ్బు లేకుండా అపెర్‌తో పుట్టిన 57 మందిని పరిశీలించారు. కొత్తగా వచ్చిన ఆ మార్పు 57 మందిలోనూ తండ్రి వైపు నుంచే వచ్చింది. తండ్రి వయసు పెరిగే కొద్దీ అవకాశం పెరుగుతుంది. అంటే తండ్రిని నిందించమని కాదు. ఎవరి ప్రమేయమూ లేకుండా కణాల్లో జరిగే పొరపాటు అది.

మామూలు పెదవి చీలిక సంగతి వేరు. అక్కడ అనేక జన్యువులు, కొన్ని మందులు, పొగాకు, అదుపు లేని మధుమేహం వంటివి కలిసి పనిచేస్తాయి. చాలామందిలో ఫలానాది అని ఒక్క కారణం చూపలేం. కానీ ఒకటి మాత్రం ఖాయం. గర్భంలో పై పెదవి ఏడో వారం లోపే అతుక్కుంటుంది. ఏప్రిల్ 1980లో పుట్టిన మా మేనల్లుడి పెదవి 1979 సెప్టెంబరు నాటికే ఏర్పడిపోయింది. గ్రహణం వచ్చింది ఫిబ్రవరిలో. సెప్టెంబరు ఖర్చుకు ఫిబ్రవరి వోచరు పెడితే ఏ ఆడిటరైనా ఒప్పుకుంటాడా? ఇంత చిన్న లెక్క నలభై ఏళ్లు నాకు తోచలేదు.

వాడికి అయిదో నెలలో సర్కారు ఆసుపత్రిలో ఆపరేషన్ జరిగింది. ఇప్పుడు మచ్చ వెతికితే గానీ కనబడదు. వాడి కూతురు కాలేజీలో చదువుతోంది.

మన ఇళ్లలోగానీ, ఇరుగుపొరుగునగానీ అటువంటి బిడ్డ పుడితే చేయవలసినవి చెబుతాను. అంగిలి చీలి ఉంటే బిడ్డ పాలు చీకలేడు. నిటారుగా పట్టుకుని, తల్లిపాలే పిండి ఉగ్గుగిన్నెతో కొద్దికొద్దిగా పట్టాలి. పది వారాల వయసు, పది పౌన్ల బరువు, పది గ్రాముల హిమోగ్లోబిన్ ఉంటే పెదవి ఆపరేషన్‌కు తగునన్నది సర్జన్లు పాటించే పాత సూత్రం. అంగిలికి ఏడాది ప్రాంతంలో చేస్తారు. 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో ఈ లోపం ఉంది, ఉచితంగా చికిత్స చేయిస్తారు.

ఈ వ్యాసం రాసి ముందుగా మా చెల్లెలికి చదివి వినిపించాను. ఆసాంతం విని, “అన్నయ్యా, ఈ మాట మా అత్తగారు ఉన్నప్పుడు వచ్చి చెప్పాల్సింది” అంది. నా దగ్గర జవాబు లేదు. నాకు ఆలస్యమైంది. మిత్రులు ఆలస్యం చేయవద్దని మనవి. మొర్రి అనండి, పెదవి చీలిక అనండి, ముందున్న ‘గ్రహణం’ మాత్రం తీసేయండి.