పురీషనాళ క్యాన్సర్: క్లినికల్ ట్రయల్స్ ఏం తేల్చాయి? చేరాలంటే ఏం తెలుసుకోవాలి?

మలంలో రక్తం కనిపిస్తే మన దగ్గర ముందుగా అనుకునేది మొలలని. మెడికల్ షాపులో ఆయింట్‌మెంట్ కొనుక్కోవడం, కూరలో కారం తగ్గించడం, సిగ్గుపడి ఇంట్లో కూడా చెప్పకపోవడం మామూలే. చాలామందికి అవి నిజంగా మొలలే అయి ఉంటాయి. కొందరికి మాత్రం అది పురీషనాళ క్యాన్సర్. తెలిసేసరికి గడ్డ పెరిగిపోయి ఉంటుంది.

2022 జూన్‌లో "క్యాన్సర్‌కు మందు దొరికింది" అనే వార్త వాట్సాప్‌లో తెగ తిరిగింది. న్యూయార్క్‌లో 12 మంది రోగులకు గడ్డ పూర్తిగా మాయమైందని దాని సారాంశం. వార్త అబద్ధం కాదు, కానీ జనానికి చేరింది సగమే. ఆ 12 మందికీ ఉన్నది పురీషనాళ క్యాన్సర్, అందులోనూ అరుదైన ఒక రకం. అసలు ఈ జబ్బు మీద ట్రయల్స్ ఎలా జరుగుతాయి, ఇప్పటిదాకా ఏం తేలింది, మనవాళ్లు ఎవరైనా చేరాలనుకుంటే ఏం చూసుకోవాలి అన్నది ఇక్కడ చూద్దాం.

పురీషనాళం అంటే?

పెద్దపేగు చివర, మలద్వారానికి పైన ఉండే సుమారు 12 నుంచి 15 సెంటీమీటర్ల భాగమే పురీషనాళం. డాక్టర్లు రెక్టమ్ అంటారు. చుట్టూ ఇరుకైన కటి ఎముకలు. ముందువైపు మూత్రాశయం, మగవారికి ప్రోస్టేట్, ఆడవారికి గర్భాశయం. మూత్రాన్ని, లైంగిక శక్తిని అదుపు చేసే నరాలు కూడా దీన్ని ఆనుకునే పోతాయి. అందుకే ఇక్కడ ఆపరేషన్ కష్టం.

గడ్డ బాగా కిందికి ఉంటే మలద్వారం కూడా తీసేసి, పొట్ట మీద రంధ్రం చేసి సంచి పెట్టాల్సి వస్తుంది. సంచి లేకపోయినా కొందరు రోజుకు పదిసార్లు బాత్రూమ్‌కు పరుగెత్తే పరిస్థితి ఉంటుంది. అందుకే ఈ క్యాన్సర్ ట్రయల్స్ రెండు ప్రశ్నలు వేస్తాయి. ఒకటి, జబ్బు తిరిగి రాకుండా ఎలా ఆపాలి? రెండు, ఆ తర్వాత మనిషి మామూలుగా బతకాలంటే ఏ చికిత్స తగ్గించొచ్చు?

ట్రయల్‌లో దశలు

మొదటి దశలో కొద్దిమందికే మందు ఇచ్చి ఎంత మోతాదు భద్రమో చూస్తారు. రెండో దశలో పదుల మందిలో అది పని చేస్తుందా అని చూస్తారు. మూడో దశలో వందల మందిని రెండు గుంపులుగా చేసి, ఇప్పుడు వాడుకలో ఉన్న చికిత్సతో కొత్తదాన్ని పోలుస్తారు. ఎవరు ఏ గుంపులోకి వెళ్లాలో డాక్టర్ గానీ రోగి గానీ ఎంచుకోరు, కంప్యూటర్ లాటరీలా తేలుస్తుంది. మందు మార్కెట్లోకి వచ్చాక జరిగేది నాలుగో దశ. పేపర్లో ట్రయల్ వార్త చదివినప్పుడు ముందు చూడాల్సింది అది ఏ దశ, ఎంతమంది అన్నదే.

పాత ట్రయల్స్ వేసిన పునాది

ఇంగ్లాండ్ సర్జన్ బిల్ హీల్డ్ 1982లో ఒక పద్ధతి ప్రచురించారు. పురీషనాళాన్ని దాని చుట్టూ ఉన్న కొవ్వు పొరతో సహా చిరగకుండా తీసేయడం. దీన్నే టీఎంఈ అంటారు. ఇప్పటికీ ఆపరేషన్‌కు ఇదే ప్రమాణం.

తర్వాత రేడియేషన్ వంతు. స్వీడన్‌లో 1,168 మందిపై జరిగిన ట్రయల్ ఫలితాలు 1997లో వచ్చాయి. ఆపరేషన్‌కు ముందు ఐదు రోజులు రేడియేషన్ ఇస్తే ఐదేళ్లలో గడ్డ అదే చోట తిరిగి రావడం 27 శాతం నుంచి 11 శాతానికి తగ్గింది. 2004లో జర్మనీ ట్రయల్ ఇంకో సంగతి తేల్చింది. రేడియేషన్, కీమో ఆపరేషన్ తర్వాత ఇస్తే 13 శాతం మందికి అక్కడే తిరిగి వచ్చింది, ముందే ఇస్తే 6 శాతం మందికే. అప్పటి నుంచి "ముందు రేడియేషన్, తర్వాత కత్తి" అన్నది పద్ధతి అయింది.

కీమో కూడా ముందే

ఆపరేషన్ అయ్యాక నీరసంతో చాలామంది కీమో పూర్తి చేయలేకపోయేవారు. అలాంటప్పుడు కీమో కూడా ముందే ఇచ్చేస్తే? 900 మందికి పైగా పాల్గొన్న ర్యాపిడో ట్రయల్ ఇదే పరీక్షించింది. ఆపరేషన్‌లో తీసిన భాగంలో క్యాన్సర్ జాడే లేనివారు పాత పద్ధతిలో 14 శాతం ఉంటే, కొత్త పద్ధతిలో 28 శాతం. ఇతర అవయవాలకు పాకడం కూడా తగ్గింది. అయితే ఐదేళ్ల లెక్క చూస్తే కటి భాగంలోనే తిరిగి రావడం కొత్త పద్ధతిలో కొంచెం ఎక్కువగా ఉంది. మొదటి ఫలితం చూసి సంబరపడకుండా ఐదేళ్లు ఎందుకు ఆగాలో ఇలాంటి చోటే అర్థమవుతుంది. ఫ్రాన్స్‌లో 461 మందిపై జరిగిన ప్రొడీజ్-23 ట్రయల్‌లో, మూడు మందుల కీమో ముందే ఇచ్చిన గుంపులో మూడేళ్ల దాకా జబ్బు లేకుండా ఉన్నవారు 76 శాతం, పాత పద్ధతిలో 69 శాతం.

ఆపరేషన్ లేకుండా కుదురుతుందా?

మందులు, రేడియేషన్‌తోనే గడ్డ పూర్తిగా పోతే కోయడం ఎందుకు? ఈ ప్రశ్న ధైర్యంగా అడిగింది బ్రెజిల్ సర్జన్ ఏంజెలిటా హబర్-గామా. 2004లో ఆమె ఫలితాలు వచ్చినప్పుడు చాలామంది నమ్మలేదు. ఇప్పుడు "కనిపెట్టుకుని ఉండడం" అనే ఈ పద్ధతి పెద్ద ఆసుపత్రుల్లో ఆమోదం పొందింది.

అమెరికాలో 324 మందితో జరిగిన ఓప్రా ట్రయల్‌లో రేడియేషన్ ముందు ఇచ్చి తర్వాత కీమో ఇచ్చిన గుంపులో, మూడేళ్లకు సుమారు సగం మంది పురీషనాళం అలాగే ఉంది. ఐరోపాలో జరిగిన ఓపెరా ట్రయల్ చిన్న గడ్డలకు లోపలి నుంచే ఎక్స్-రే తగిలించి చూసింది. మూడేళ్లకు అవయవం నిలిచినవారు మామూలు రేడియేషన్‌తో 59 శాతం, ఇలా చేస్తే 81 శాతం.

కానీ ఇది "ఆపరేషన్ తప్పింది, ఇక ఇంటికి పోదాం" అనే వ్యవహారం కాదు. గడ్డ పోయిందనుకున్న ప్రతి నలుగురిలో సుమారు ఒకరికి రెండేళ్లలోపే అక్కడే మళ్లీ మొలకెత్తుతుందని అంతర్జాతీయ రికార్డులు చెబుతున్నాయి. త్వరగా పట్టుకుంటే అప్పుడు ఆపరేషన్ చేయొచ్చు. అందుకే మొదటి రెండేళ్లు మూడు, నాలుగు నెలలకోసారి వేలి పరీక్ష, ఎండోస్కోపీ, ఎంఆర్‌ఐ తప్పవు. ఊరు నుంచి సిటీకి అన్నిసార్లు రాలేమనుకునేవాళ్లు ఆ మాట డాక్టర్‌కు ముందే చెప్పాలి.

రేడియేషన్ లేకుండా?

రేడియేషన్ వల్ల వయసులో ఉన్న ఆడవారికి నెలసరి ఆగిపోవచ్చు, పిల్లలు పుట్టకపోవచ్చు. 2023లో ఫలితాలు వచ్చిన ప్రాస్పెక్ట్ ట్రయల్‌లో 1,128 మంది చికిత్స పొందారు. ఓ మోస్తరు దశ గడ్డ ఉండి, మలద్వారాన్ని కాపాడే ఆపరేషన్‌కు వీలున్నవారినే తీసుకున్నారు. ఒక గుంపుకు కీమో ఇచ్చి, గడ్డ తగ్గకపోతేనే రేడియేషన్ ఇచ్చారు. ఆపరేషన్‌కు ముందు రేడియేషన్ అవసరమైంది వందలో తొమ్మిది మందికే. ఐదేళ్లకు జబ్బు లేనివారు ఈ గుంపులో 80.8 శాతం, రేడియేషన్ తీసుకున్న గుంపులో 78.6 శాతం. అంటే తగిన రోగులకు రేడియేషన్ మానేసినా నష్టం లేదన్నమాట.

వాట్సాప్‌లో తిరిగిన ఆ మందు

దాని పేరు డోస్టార్లిమాబ్. మన కణాలు విడిపోయేటప్పుడు డీఎన్‌ఏలో వచ్చే తప్పుల్ని దిద్దే ఒక ఏర్పాటు ఉంటుంది. కొందరి గడ్డల్లో అది పాడైపోతుంది. తప్పులు కుప్పలుగా పేరుకుపోవడంతో ఆ కణాలు రోగనిరోధక శక్తికి పరాయివాటిలా కనిపిస్తాయి. అయినా క్యాన్సర్ ఒక బ్రేక్ వేసి దాడిని ఆపుతుంది. ఆ బ్రేక్ తీసేయడమే ఈ మందు పని. మూడు వారాలకోసారి, ఆరు నెలలు సెలైన్‌లా ఎక్కిస్తారు.

న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెట్టరింగ్ ఆసుపత్రిలో డాక్టర్ ఆండ్రియా సెర్సెక్ బృందం ఈ ట్రయల్ నడిపింది. 2025లో వచ్చిన ఫలితాల ప్రకారం చికిత్స పూర్తి చేసిన 49 మందికీ గడ్డ కనిపించకుండా పోయింది. కానీ పురీషనాళ క్యాన్సర్లలో ఈ రకం 5 నుంచి 10 శాతమే. మిగతావారికి ఈ ఒక్క మందుతో ఆ ఫలితం ఆశించలేం. వారి కోసం రేడియేషన్‌కు ఇలాంటి మందు కలిపి చూస్తున్నారు. చైనాలో జరిగిన యూనియన్ ట్రయల్‌లో ఇలా ఇస్తే క్యాన్సర్ జాడ పోయినవారు 39.8 శాతం, పాత పద్ధతిలో 15.3 శాతం.

మీ గడ్డ ఏ రకమో బయాప్సీ ముక్క మీద చేసే ఎంఎంఆర్ పరీక్ష చెబుతుంది. రిపోర్టులో అది లేకపోతే అడిగి చేయించుకోండి. ఈ లోపం వంశపారంపర్యమని తేలితే అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, పిల్లలు కూడా పరీక్ష చేయించుకోవాలి.

మన దేశంలో రక్షణ ఏముంది?

ట్రయల్ అంటే మనవాళ్లకు భయం ఉంది. దానికి కారణమూ ఉంది. 2009లో ఖమ్మం జిల్లాలో గిరిజన బాలికలకు హెచ్‌పీవీ టీకా వేసినప్పుడు చాలాచోట్ల తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారు. కేంద్రం 2010లో దాన్ని ఆపేసింది, 2013లో పార్లమెంటరీ కమిటీ గట్టిగా తప్పుపట్టింది.

ఇప్పుడు 2019 నాటి నిబంధనలు అమల్లో ఉన్నాయి. ఎథిక్స్ కమిటీ అనుమతి లేకుండా ట్రయల్ జరపకూడదు. సమ్మతి పత్రం రోగికి అర్థమయ్యే భాషలో ఉండాలి. చదవలేని రోగి అయితే ఆసుపత్రికి సంబంధం లేని సాక్షి ముందు వివరించాలి. ట్రయల్ వల్ల హాని జరిగితే ఉచిత వైద్యం, నష్టపరిహారం ఇవ్వాలి. ప్రతి ట్రయల్ వివరాలు సీటీఆర్‌ఐ అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ముందే నమోదు కావాలి. అందులో ఎవరైనా ఉచితంగా వెతుక్కోవచ్చు.

సంతకానికి ముందు అడగాల్సినవి

1. ఇది ఏ దశ ట్రయల్? సీటీఆర్‌ఐ నంబర్ ఎంత?
2. చేరకపోతే నాకు దొరికే మామూలు చికిత్స ఏమిటి?
3. మందు, స్కాన్లు, రానుపోను ఖర్చులు ఎవరివి? ఆరోగ్యశ్రీ దేనికి వర్తిస్తుంది?
4. ఎన్నిసార్లు, ఎన్నేళ్లు రావాలి?
5. సంతానం మీద ప్రభావం ఉంటుందా?
6. మధ్యలో మానేస్తే నా వైద్యం ఆగిపోతుందా?

ఆరో ప్రశ్నకు జవాబు నిబంధనల్లోనే ఉంది. ఎప్పుడైనా తప్పుకోవచ్చు, మామూలు వైద్యం ఆపకూడదు. ట్రయల్‌లో సీటు ఇప్పిస్తామని ఎవరైనా డబ్బు అడిగితే అది మోసమే. పత్రం ఇంటికి తెచ్చుకుని, ఇంట్లోవాళ్లతో చదివించుకుని, రెండు రోజులు ఆలోచించుకునే హక్కు మీకుంది.

ఇక రక్తం పడుతున్నా, మల విసర్జన అలవాటు మారి కొన్ని వారాలైనా, వయసెంతైనా సరే, ముందు డాక్టర్‌కు చూపించుకోండి. వేలితో చేసే పరీక్షకు రెండు నిమిషాలే పడుతుంది. పైన చెప్పిన కొత్త చికిత్సల్లో చాలావరకు జబ్బు ఇతర అవయవాలకు పాకక ముందు వచ్చినవారి కోసమే.